చూచిన పాట వేరు, నేర్చిన పాట వేరు

తెలంగాణ పల్లెలలో పీర్ల పండుగ వచ్చిందంటే అలావ గుండం చుట్టూ డప్పు మోగుతుంది. హసన్, హుసేన్‌ల త్యాగగాథను తెలుగు పాటగా పాడుతూ హిందువులు, ముస్లిములు కలసి అడుగు వేస్తారు. ఎల్లారెడ్డిలో ఉర్దూ, తెలుగు రెంటినీ రెండు కళ్లుగా భావించి చదువుకుంటున్న మనకు ఇంతకన్న చేరువైన సమైక్యతా పాఠం లేదు. అయినా ఈ పాఠం మన పాఠ్యప్రణాళికలో కానరాదు.

"పాటలన్నీ అంతర్జాలంలో ఉన్నవి కదా, వేరుగా నేర్పవలసినదేమున్నది?" అని కొందరు మిత్రులు అనవచ్చును. పన్నెండు మెట్ల కిన్నెర కళాకారుడు దర్శనం మొగులయ్యగారి ఉదంతమే ఇందుకు సమాధానం. 2021లో ఒక చలనచిత్ర గీతం ద్వారా ఆయన గళం లక్షలాది ఫోనులలో మారుమ్రోగింది. 2022లో పద్మశ్రీ లభించింది. 2024లో ఆయనే భవన నిర్మాణపు కూలిపనిలో ఉన్న దృశ్యం అందరి కంటా పడింది. విన్నవారు లక్షలు, కిన్నెర చేతబట్టి నేర్చినవారెందరు? కోయ వీరుల గాథలను డోలు వాయిస్తూ గానం చేసిన సకిని రామచంద్రయ్యగారు కూడ 2022లోనే పద్మశ్రీకి ఎంపికై, 2024లో కన్నుమూశారు. కాగితమెక్కని గాథ శిష్యుని నోట నిలవకపోతే గురువుతోనే పోతుంది.

అంతర్జాలాన్ని మేము నిరసించడం లేదు. దూరాన ఉన్న గురువును చేరువ చేసే శక్తి దానికున్నది. అయితే ధ్వని ఆ మార్గాన చేరడంలో జరిగే లిప్తపాటు జాప్యం వల్ల రెండు ఊళ్లవారు ఒకే తాళంలో కలసి పాడడం కష్టం. ఒకరు పాడి పంపగా, మరొకరు దానికి వాద్యం జోడించి తిరిగి పంపడం సులభం. మన పీర్ల పాటకు మరో జిల్లా విద్యార్థి డోలు జతపరచవచ్చును. కాని పంపడానికి ముందు మనకు పాట వచ్చి ఉండాలి.

కనుక కళాశాల కార్యవర్గం వారికి మా మనవి: వారానికొక గంట సంగీతానికి కేటాయించండి. ఇష్టపడిన విద్యార్థులే చేరుదురు గాక, బలవంతం వద్దు. చుట్టుపక్కల గ్రామాల గాయకులను, డప్పు కళాకారులను గురువులుగా పిలిచి గౌరవ వేతనమివ్వండి. వారి అనుమతితో, వారి పేరుతోనే పాటలను ధ్వనిముద్రణ చేయించి, రెండు లిపులలోను వ్రాయించండి.

విద్యార్థి మిత్రులారా! కార్యవర్గం నిర్ణయించేవరకు మనం ఆగనక్కరలేదు. ఈ సెలవులలో ఇంటి పెద్దల చెంత కూర్చుండి, ఒక్కొక్కరు ఒక్కొక్క పాట నేర్చి వద్దాము.