డివిడెండ్ మీ దాకా రానీయకండి

ఇన్వెస్టర్ ఎడ్యుకేషన్ అండ్ ప్రొటెక్షన్ ఫండ్ (ఐఈపీఎఫ్) అథారిటీ, న్యూఢిల్లీ.



ఏడేళ్లు వరసగా ఎవరూ తీసుకోని డివిడెండూ, ఆ షేర్లూ చివరికి చేరేది మీ దగ్గరికే. అందుకే ఈ ఉత్తరం ఏ కంపెనీకో కాకుండా మీకు రాస్తున్నాను.

నోయిడా, గురుగ్రామ్‌లలో ఉద్యోగాలకొచ్చిన మన తెలుగు పిల్లలు తొలి జీతాలతోనే డీమ్యాట్ ఖాతా తెరుస్తున్నారు. ‘సర్కారు కంపెనీ, డివిడెండ్ ఖాయం’ అని ఎన్టీపీసీయో, ఓఎన్‌జీసీయో, పవర్‌గ్రిడ్డో కొంటారు. ఆ నమ్మకానికి కొంత ఆధారం ఉంది. లాభంలో 30 శాతం గానీ, నికర విలువలో 4 శాతం గానీ, ఏది ఎక్కువైతే అంత డివిడెండ్ ఇవ్వాలని 2024 నవంబరులో కేంద్రం తన సంస్థలకు చెప్పింది. అయితే ఆ నిబంధన షేరు ధరకు హామీ కాదు.

‘50 శాతం డివిడెండ్’ అన్న వార్త చూసి, పెట్టిన డబ్బులో సగం వచ్చేస్తుందని మురిసిపోయినవాళ్లు నాకు తెలుసు. ఆ శాతం ముఖ విలువ మీద లెక్క, కొన్న ధర మీద కాదు. ఎన్టీపీసీ షేరు ముఖ విలువ 10 రూపాయలు, ఓఎన్‌జీసీది 5. అదే 50 శాతం ఒకచోట 5 రూపాయలైతే, ఇంకోచోట రెండున్నరే. రూపాయల్లోనే చెప్పమని కంపెనీలకు మీరు గట్టిగా చెబితే సగం అయోమయం తీరుతుంది.

తేదీల సంగతి ఇంకా తమాషా. డివిడెండ్ ఎవరికి రావాలో తేల్చే రికార్డు తేదీ నాటికి షేరు మన డీమ్యాట్‌లో ఉండాలంటే, కనీసం అంతకు ముందు ట్రేడింగ్ రోజున కొనాలి. సరే, ముందురోజే 200కి కొన్నారు, 8 రూపాయల డివిడెండ్ వచ్చింది. మర్నాడు షేరు దాదాపు ఆ 8 తగ్గించుకునే మొదలవుతుంది. కుడి జేబులోది ఎడమ జేబులోకి మార్చుకుని, దారిలో పన్ను కట్టినట్టన్నమాట. డివిడెండ్ కోసమే ఆ ఒక్కరోజు కొనడంలో కలిసొచ్చేది ఏమీ లేదు.

పన్నంటే గుర్తొచ్చింది. 2020 ఏప్రిల్ నుంచి డివిడెండ్ మీద పన్ను అందుకున్నవాళ్లే, వాళ్ల శ్లాబు ప్రకారం కట్టాలి. ఒక కంపెనీ ఏడాదిలో ఇచ్చింది 10,000 రూపాయలు దాటితే 10 శాతం ముందే కోస్తారు. అంతకు లోపైతే కోత లేదు గానీ, రిటర్నులో చూపాల్సిందే.

ఇక మీ ఖజానా ఎలా నిండుతుందో చూద్దాం. ఢిల్లీలో మనవాళ్లవి అద్దె బతుకులు: మునిర్కా నుంచి మయూర్ విహార్‌కి, అక్కణ్నుంచి నోయిడాకి. బ్యాంకు ఖాతా మారుతుంది, కంపెనీ దగ్గర పాతదే ఉంటుంది, డివిడెండ్ చేరదు. షేర్లు మీకు బదిలీ చేసే మూడు నెలల ముందు కంపెనీ చివరిగా తెలిసిన చిరునామాకి ఉత్తరం వేసి, ఇంగ్లిష్‌లోనూ ప్రాంతీయ భాషలోనూ పత్రికా ప్రకటన ఇవ్వాలి. ఢిల్లీలో రిజిస్టరైన కంపెనీకి ప్రాంతీయ భాషంటే సాధారణంగా హిందీయే. గుంటూరులో రిటైరైన తండ్రి కాగితపు షేర్ల సంగతి ఆ హిందీ పేపర్లో పడితే ఆయన చూసేదెలా? వాటాదారు చిరునామా ఏ రాష్ట్రంలో ఉందో కంపెనీకి తెలుసు. ఆ భాషలో ఒక ఎస్సెమ్మెస్ పంపేలా నియమం మార్పించండి.

పాత చట్టం కింద మీ నిధిలో పడిన సొమ్ము మళ్లీ అడిగే హక్కే లేదు. 2013 కంపెనీల చట్టం ఆ హక్కు ఇచ్చింది. అది చిన్న మేలు కాదు. కానీ ఐఈపీఎఫ్-5 ఫారం నింపి, అసలు పత్రాలు కంపెనీ నోడల్ అధికారికి పంపి, వారసత్వ కాగితాలు కుదుర్చుకునేసరికి పెద్దవాళ్లు విసిగిపోతారు. పోయాక వెతికి ఇవ్వడం కన్నా పోకుండా చూడటం మీకూ సులువే.

సెబీతో కలిసి 2025లో పుణే, హైదరాబాద్‌లలో ఇన్వెస్టర్ల కోసం ‘నివేశక్’ శిబిరాలు పెట్టారు. ఢిల్లీలోని ఆంధ్రా భవన్‌లో కూడా ఒకటి తెలుగులో పెట్టండి. ఆదివారమైతే మేలు, బిర్యానీ కోసం జనం ఎలాగూ వరస కడతారు. పాన్, బ్యాంకు వివరాలు, నామినీ పేరు సరిచూసుకోవడానికి రెండు బల్లలూ, తెలుగు తెలిసిన ఇద్దరు మనుషులూ చాలు.

ఇట్లు,
నోయిడాలో ఉంటున్న ఒక చిన్న వాటాదారు