ఇల్లు అమ్మించే అప్పులు
మూత్రపిండాల జబ్బు వైద్యానికీ, 2018 అక్టోబరులో తితలీ తుపాను తోటలను కూల్చాక బతుకు గడవడానికీ చేసిన అప్పుల కింద శ్రీకాకుళం జిల్లా ఉద్దానం కుటుంబాలు ఉన్న ఇంటిని అమ్ముకోవలసి రావడం అన్యాయం. పలాసలో 2023 డిసెంబరులో ప్రారంభమైన 200 పడకల ఆసుపత్రి కొత్త ఖర్చును తగ్గించగలదు గానీ, అంతకుముందు నోటు రాసిచ్చిన బాకీని తీర్చలేదు. రైతు, కూలీ, ఇంటి పనివారు నివసించే ఇంటిని మామూలు బాకీ డిక్రీ కింద జప్తు చేయరాదని సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ చెబుతోంది. ఆ వరుసలో బారువ తీరపు మత్స్యకారుడి పేరు లేదు. తాకట్టు పెట్టిన ఇంటికి ఆ రక్షణ వర్తించదు. అయినా ఎక్కువ ఇళ్లు పోయేది కోర్టు గుమ్మంలో కాదు, గడప ముందు వడ్డీవ్యాపారి కూర్చున్నప్పుడు. ఐపీ (దివాలా పిటిషన్) పెట్టాడన్న మాట పడలేక, పిల్లల పెళ్లిళ్లకు అడ్డొస్తుందని భయపడి, వచ్చిన ధరకే రిజిస్ట్రేషన్ చేసేస్తారు. రోగి అద్దె గదికి చేరతాడు, అప్పులో కొంత అలాగే మిగులుతుంది. చిన్న రుణగ్రస్తులకు అప్పుల నుంచి విముక్తి కల్పించేందుకు 2016 దివాలా స్మృతిలో రాసిన ‘ఫ్రెష్ స్టార్ట్’ అధ్యాయం ఇప్పటికీ అమల్లోకి రాలేదు. కేంద్రం దానిని వెంటనే నోటిఫై చేయాలి. సొంతిల్లు ఉన్నవారిని అనర్హులను చేసే నిబంధనను సవరించాలి. ఈలోగా జిల్లా న్యాయసేవాధికార సంస్థ సోంపేట, పలాసల్లో రుణ పరిష్కార లోక్ అదాలత్‌లు నిర్వహించి, చెల్లించిన వడ్డీని లెక్కగట్టి అసలుకు వాయిదాలు కుదర్చాలి. డయాలసిస్ రోగుల ఇళ్లతోనే ఆ పని మొదలుకావాలి.