తలంటు వేళ మూర్ఛ

ఆదివారం వచ్చిందంటే చాగలమర్రి లాంటి ఊళ్లలో చాలా ఇళ్లలో తలస్నానాల హడావుడే. తలకు నూనె పట్టించి, పొయ్యి మీది కాగులో నీళ్లు పొగలు కక్కేలా కాచి, పిల్లాణ్ని పీట మీద కూర్చోబెట్టి చెంబుతో గబగబా కుమ్మరిస్తారు. నీళ్లు ఎంత వేడిగా ఉంటే ఒళ్లు అంత తేలికపడుతుందని పెద్దల నమ్మకం.

అయితే నాలుగైదు చెంబులు పడేసరికి కొందరు పిల్లలు పిలిచినా పలకరు. కళ్లప్పగించి ఎటో చూస్తుంటారు. అర్థంకాని మాటలు గొణుగుతారు. ఒక్కోసారి కాళ్లూ చేతులూ కొట్టుకుంటూ పడిపోతారు. ఇంట్లోవాళ్లు గాలి సోకిందనుకుని తాయెత్తు కట్టిస్తారు, దిష్టి తీస్తారు.

అది గాలీ కాదు, ధూళీ కాదు. మెదడుకు సంబంధించిన జబ్బు. పేరు హాట్ వాటర్ ఎపిలెప్సీ, అంటే వేడినీళ్ల మూర్ఛ. వైద్య గ్రంథాలకు 1945లో న్యూజిలాండ్ నుంచి ఇది తొలిసారి తెలిసింది. మన దేశంలో 1968లో బెంగళూరు వైద్యులు దీన్ని గుర్తించారు. 1988లో అక్కడి నిమ్హాన్స్‌కు చెందిన డాక్టర్ సతీశ్‌చంద్ర బృందం ఏకంగా 279 మంది రోగుల వివరాలు ప్రకటించింది. ప్రపంచంలో ఎక్కడా లేనంతగా ఇది దక్షిణ భారతంలోనే కనిపిస్తుంది. మగపిల్లల్లో మరీ ఎక్కువ.

మనకే ఎందుకు? మన స్నానం తీరే ఒక కారణం. 40 నుంచి 50 డిగ్రీల వేడినీళ్లను వెంటవెంటనే నెత్తిన పోసుకోవడం మన అలవాటు. చాలామంది రోగులకు అవే నీళ్లు ఒంటి మీద పోసుకుంటే ఏమీ కాదు. గోరువెచ్చని నీళ్లు తల మీద పోసుకున్నా ఏమీ కాదు. వేడి, తల మీద ధారగా పడే స్పర్శ రెండూ కలిసినప్పుడే మెదడు కణాల్లో విద్యుత్తు అదుపు తప్పుతుంది.

మరి అందరూ అలాగే పోసుకుంటున్నా కొందరికే ఎందుకొస్తుంది? కొన్ని కుటుంబాల్లో ఒకరికి మించి ఉండటంతో శాస్త్రవేత్తలు జన్యువుల వైపు చూశారు. ఒక కుటుంబరకపు జబ్బుకు మూలం పదో క్రోమోజోమ్‌లో ఒకచోట ఉన్నట్లు 2009లో బెంగళూరు పరిశోధకులు తేల్చారు. అందరి విషయంలోనూ కారణం అదొక్కటే కాదు. వేడిని తట్టుకునే శక్తి పుట్టుకతోనే కొంత తక్కువైన మెదడుకు, పొగలు కక్కే నీళ్లు నిప్పురవ్వలా పనిచేస్తాయన్నమాట.

మంచి మాట ఏమిటంటే, చాలామందికి నీళ్ల వేడి తగ్గిస్తే చాలు. గోరువెచ్చని నీళ్లు కొద్దికొద్దిగా పోసుకోవాలి. దాంతో ఆగకపోతే తలస్నానానికి గంటన్నర, రెండు గంటల ముందు క్లోబజామ్ మాత్ర వేసుకోమని వైద్యులు చెబుతారు. అది వైద్యుడు రాస్తేనే, చెప్పిన మోతాదులోనే వాడాలి. కొందరికి కొన్నేళ్లకు స్నానంతో పని లేకుండానే మూర్ఛ వస్తుంది. వాళ్లకు రోజూ మందు కావాలి. కాబట్టి మొదటిసారి వచ్చినప్పుడే నరాల వైద్యుడికి చూపించడం మేలు.

స్నానాల గదికి లోపల గడియ వేయనివ్వకూడదు. మూర్ఛ వస్తే ముందు వేడినీళ్లకు దూరంగా జరిపి, పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. చేతిలో తాళాలు పెట్టడం, నోట్లో చెంచా దూర్చడం, నీళ్లు తాగించడం వద్దు. అయిదు నిమిషాలు దాటినా తగ్గకపోతే ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే.

అన్నిటికంటే కష్టమైనది దాపరికం. హిందూ వివాహ చట్టంలో ఒకప్పుడు మూర్ఛ పెళ్లికి అడ్డంకిగా ఉండేది. 1999లో ఆ మాట తీసేశారు. చట్టం మారింది కానీ పెళ్లిచూపుల్లో భయం పోలేదు. ఆడపిల్లకు ఫిట్స్ ఉన్న సంగతి దాచి పెళ్లి చేస్తే, అత్తగారింట్లో ఎవరైనా చూస్తారేమోనని ఆ పిల్ల మాత్రలు మానేస్తుంది. మానిన మూర్ఛ మళ్లీ తిరగబెడుతుంది, అదీ ఏ పొయ్యి దగ్గరో, బావి దగ్గరో. చెప్పి చేస్తే ఒక సంబంధం తప్పిపోవచ్చు. చెప్పకపోతే పిల్ల ప్రాణానికే ముప్పు.