తప్పు కుర్రాడిదా, మార్క్‌డౌన్‌దా?

"ముందు కోడ్ సరిగ్గా పెట్టడం నేర్చుకో, తర్వాత డౌటు అడుగు." మొన్న మా పిన్ని కొడుకు నెట్లో మొట్టమొదటి పైథాన్ ప్రశ్న అడిగితే వచ్చిన జవాబు ఇది. వాడు మళ్ళీ అడిగితే ఒట్టు!

అసలు వాడేం చేశాడండీ? ఇనిట్‌కి అటూ ఇటూ రెండేసి అండర్‌స్కోర్లు పెట్టాడు, పైథాన్ అడిగినట్టే. మార్క్‌డౌన్ వాటిని మింగేసి ఇనిట్‌ని బోల్డ్ చేసింది. లైన్లన్నీ కలిపి ఒకే పేరా చేసింది. ఇండెంటేషన్ పోయాక అది ఇంకేం పైథాన్? (సీ ప్లస్ ప్లస్ వాళ్ళకైతే ఇన్‌క్లూడ్ పక్కన యాంగిల్ బ్రాకెట్లలో ఉన్నది హెచ్‌టీఎంఎల్ ట్యాగ్ అనుకుని మాయమే చేస్తుంది.)

2004లో జాన్ గ్రూబర్ మార్క్‌డౌన్ చేసింది వెబ్‌లో వ్యాసాలు రాసేవాళ్ళ కోసం. అందులో కోడ్‌కి ప్రతి లైను ముందూ నాలుగు స్పేసులో, ఒక ట్యాబో ఉండాలి. తీరా ట్యాబ్ కొడితే చాలా చోట్ల కర్సర్ పక్క బటన్ మీదకి దూకుతుంది! స్టాక్ ఓవర్‌ఫ్లో 2008లో మొదలైతే, మూడు బ్యాక్‌టిక్కుల పద్ధతి అక్కడికి 2019లో గానీ రాలేదు. అన్నాళ్ళూ తిట్లు తిన్నది మాత్రం కొత్తవాళ్ళే. తిట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను లెండి.

ప్రివ్యూ చూసుకోవచ్చుగా అంటారు. చూశాడు. పాడైందని తెలిసింది, ఎందుకు పాడైందో అది చెప్పదుగా!

ఇంతకీ వాడి బగ్గు, ఇనిట్‌లో సెల్ఫ్ రాయడం మర్చిపోయాడు. ఫోన్లో రెండు నిమిషాల్లో చెప్పేశాను.