ఇల్లు భోగ్యానికి తీసుకున్నారా?

పిల్లల చదువుకని పల్లె విడిచి తిరుపతికి వచ్చిన మన సంఘ కుటుంబమొకటి ఒక ఫ్లాటును మూడేండ్లకు భోగ్యానికి తీసుకుంది. అయిదు లక్షలు ఒకేసారి ఇస్తే నెలనెలా అద్దె ఉండదు, ఖాళీ చేసే రోజున సొమ్ము తిరిగి వస్తుంది. అందులో సగం పాడి ఆవులను అమ్మిన డబ్బు. గడువు తీరాక యజమాని ఇంకో లక్ష తీసుకొని “మరో మూడేండ్లు ఉండండి” అన్నారు. కాగితము రాయలేదు. ఆర్నెల్లకే ఫ్లాటు బేరానికి పెట్టారు. కొనవచ్చినవారికి ఈ ఆరు లక్షల సంగతే తెలియదు!

మేము వారిని వెంటబెట్టుకొని వకీలు దగ్గరకు వెళ్లాము. ఏడాదికి మించిన లీజును సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో రిజిస్టరు చేయించాలని 1908 నాటి చట్టము. గడువు తీరాక మాటమీద ఉంటున్నవారిని, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము ప్రకారము, సాధారణముగా 15 రోజుల నోటీసుతో ఖాళీ చేయించవచ్చునట. కాబట్టి పొడిగింపుకూ కొత్త పత్రము కావాలి. పాత సొమ్ము, కొత్త సొమ్ము రెండూ అందులో రాయించాలి. డబ్బు ఇవ్వకముందే ఈసీ తీయించి, ఫ్లాటు తాకట్టులో ఉన్నదేమో చూసుకోవాలి.

“నమ్మకస్థుల మధ్య కాగితమెందుకు?” అనే పెద్దలు మనలోనూ ఉన్నారు. యిర్మీయా 32వ అధ్యాయము చదవండి. సొంత పినతండ్రి కుమారుని వద్ద పొలము కొంటూ కూడా ఆయన 17 తులముల వెండి తూచి ఇచ్చి, సాక్షుల ఎదుట పత్రము రాయించి, దానిని మంటికుండలో భద్రపరచాడు.

ఆ కుటుంబానికి ఇంతవరకు నాలుగు లక్షలు చేతికొచ్చాయి. మిగతా రెండింటి కోసము ఈ ఆదివారము ఆరాధన ముగిశాక సంఘపెద్దలతో కలిసి మరల వెళ్తున్నాము.