రాయి చెదరకముందే ఫొటో తీద్దాం

తార్నాక చౌరస్తా నుంచి మూసీ ఒడ్డున ఉన్న చైతన్యపురికి పది కిలోమీటర్ల లోపే దూరం. అక్కడ కొసగుండ్ల నరసింహస్వామి గుడి దగ్గర బండ మీద ప్రాకృత భాషలో, బ్రాహ్మీ లిపిలో చెక్కిన శాసనం ఉంది. విష్ణుకుండినుల కాలానిది. అందులో గోవిందరాజ విహారం పేరుంది, బౌద్ధ భిక్షువుల ప్రస్తావన ఉంది. అంటే 1591లో చార్మినార్ లేవడానికి వెయ్యేండ్ల ముందే ఈ మూసీ ఒడ్డున బౌద్ధం బతికింది. గ్రూప్స్ పరీక్షల గైడులో దీన్ని ఒక బిట్టుగా చదివినవాళ్లు మన క్యాంపస్‌లో ఎంతోమంది ఉంటరు. బస్సెక్కి పోయి చూసినవాళ్లు ఎందరు?

ఈ ప్రశ్న ఎవరినో చిన్నబుచ్చడానికి కాదు. మన చరిత్రను పుస్తకాల్లో రాయలేదని, మన శిథిలాలను పట్టించుకోలేదని ఉద్యమంలో మనం గొంతు చించుకున్నం. 2009 చివర్ల ఆర్ట్స్ కాలేజీ ముందు జరిగిన సభల్లో ఆ మాట గట్టిగనే వినబడ్డది. న్యాయమైన మాటే. కానీ 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. ఇప్పుడు సర్కారు మనది, పాఠ్యపుస్తకం మనది, గుట్ట మనది. నెపం వెయ్యడానికి ఎదురుగా ఇంకెవరూ లేరు.

ఫణిగిరినే తీసుకుందాం. హైదరాబాద్‌కు సుమారు 110 కిలోమీటర్లు. ఒకప్పటి నల్లగొండ, ఇప్పటి సూర్యాపేట జిల్లా. పాము పడగ లాంటి గుట్ట మీద మహాస్తూపం, గుండ్రటి వెనుకభాగం ఉన్న చైత్యగృహాలు, భిక్షువులు ఉన్న విహారాల పునాదులు ఉన్నయి. 1940లలో నిజాం సర్కారు పురావస్తు శాఖ ఇక్కడ తవ్వింది. 2001 నుంచి మళ్లా తవ్వకాలు జరిగినయి. ఇక్ష్వాకు రాజు రుద్రపురుషదత్తుని 18వ పాలనా సంవత్సరంలో రాజవైద్యుడు ధర్మచక్రం నిలిపినట్లు చెప్పే శాసనం ఇక్కడిదే. 2024లో ఒక మట్టికుండలో 3,730 సీసపు నాణేలు బయటపడ్డయి. 2023లో న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం తొలినాటి బౌద్ధ కళ మీద ప్రదర్శన పెడితే, ఫణిగిరి తోరణం ముక్క సముద్రాలు దాటిపోయి అక్కడ నిలబడ్డది. న్యూయార్క్ జనం టికెట్ కొనుక్కొని చూసిన రాయి మన ఊరి గుట్ట మీదిది. ఉప్పల్ నుంచి మూడు గంటల ప్రయాణం మనకు బరువైందా?

పోయి చూస్తే ఏమొస్తది, ఫొటో తీస్తే ఏమొస్తది అని అడిగేవాళ్లకు అమరావతి జవాబు చెప్తది. 1797 ప్రాంతంలో కర్నల్ మెకంజీ అక్కడికి పోయేనాటికే స్తూపం రాళ్లను పీకి కొత్త కట్టడాలకు మోస్తున్నరు. సున్నం కోసం కాల్చినవీ ఉన్నయి. 1816లో ఆయన మళ్లా మనుషులను పెట్టి ఒక్కో రాయి బొమ్మ గీయించిండు. ఆ తర్వాత కొన్ని రాళ్లు ఏమైనయో ఎవరికీ అంతుచిక్కలేదు. మిగిలినవి ఆ గీతలే. మద్రాసు చేరిన అమరావతి శిల్పాలను 1858లో లినేయస్ ట్రైప్ ఫొటోలు తీసిండు. ఆనాటికి అవి ఏ స్థితిలో ఉన్నయో చెప్పే సాక్ష్యం ఆ ఫొటోలే.

పరాయివాళ్ల ముచ్చటే ఎందుకు? అజంతా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉండె. 1914లో పెట్టిన పురావస్తు శాఖకు మొదటి డైరెక్టర్ గులాం యజ్దానీ. అజంతా చిత్రాలను ఫొటోల ఆధారంగా అచ్చేసి 1930 నుంచి 1955 వరకు నాలుగు సంపుటాలు తెచ్చిండు. గోడల మీద రంగు వెలిసినా, ఆనాటి రూపం ఆ పుటల్లో మిగిలింది. 1939లో ప్రారంభమైన మన ఆర్ట్స్ కాలేజీ స్తంభాల్లో, తోరణాల్లో అజంతా, ఎల్లోరాల పోలికలు ఉన్నయి. రోజూ ఆ మెట్లెక్కే మనం ఆ వారసత్వం నీడలోనే చదువుకున్నం. ఇదే ఉస్మానియా 1953 జనవరి 12న డాక్టర్ అంబేద్కర్‌కు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. మూడేండ్ల తర్వాత ఆయన బౌద్ధం తీసుకున్నరు. ఆ బాటను ఇష్టపడే విద్యార్థులకు ఈ గుట్టలు ఇంకింత సొంతం.

ఇక ఏలేశ్వరం సంగతి. నాగార్జునకొండకు ఎదురుగా, కృష్ణకు నల్లగొండ వైపున ఉండె. అబ్దుల్ వహీద్ ఖాన్ అక్కడ తవ్వకాలు జరిపించి 1963లో నివేదిక అచ్చేసిండు. సాగర్ రిజర్వాయర్ నిండినంక ఆ నేల నీళ్ల కింద పడ్డది. ఇయ్యాల ఏలేశ్వరం గురించి ఎవరు రాయాలన్నా ఆ నివేదికలు, ఫొటోలే దిక్కు. నీళ్ల కింద పడ్డదాన్ని తిరిగి తేలేం. క్వారీ మిషన్ నమిలిన గుట్టను, ప్లాట్లు చేసిన దిబ్బను కూడా తిరిగి తేలేం.

అందుకే విద్యార్థులకు, ఉద్యోగులకు ఒక విన్నపం. ఆదివారం నలుగురు కలిసి బయలుదేరండి. ఫణిగిరి, ధూళికట్ట, నేలకొండపల్లి, కొండాపూర్, ఏదైనా సరే. సెల్ఫీ తీసుకుంటే తీసుకోండి, కానీ అక్కడితో ఆగకండి. ప్రతి రాయినీ నాలుగు దిక్కుల నుంచి తీయండి. పక్కన ఒక స్కేలు పెడితే సైజు తెలుస్తది. తేదీ, ఊరు, దిక్కు నోటుబుక్కులో రాయండి. శాసనాన్ని పొద్దున గానీ సాయంత్రం గానీ ఏటవాలు ఎండలో తీస్తే అక్షరం లేస్తది. సుద్దతో దిద్దొద్దు, నూనె పుయ్యొద్దు, గీకొద్దు. గొర్లకాపరులను, పెద్దమనుషులను అడిగి ఆ జాగను ఊరోళ్లు ఏ పేరుతో పిలుస్తరో రాసుకోండి. ఇటుకలు తేలిన దిబ్బ కింద ఏముందో ఆ పేరే ఒక్కోసారి చెప్తది. విడిగా పడివున్న శిల్పం కనబడితే దాని జాడ నలుగురికీ చాటకండి, దొంగలూ వింటరు. పురావస్తు శాఖకు లిఖితపూర్వకంగా చెప్పండి. పాతిన నాణేలు, నగలు దొరికితే కలెక్టర్‌కు తెలపాలని 1878 నాటి చట్టమే చెప్తది.

రెవెన్యూలో, పంచాయతీరాజ్‌లో, బడుల్లో కొలువు చేసే మిత్రులకు ఇంకో మాట. సర్వే నంబరు, హద్దు మీ చేతుల్లో ఉంటయి. దిబ్బ ఉన్న సర్వే నంబరును రికార్డులో గుర్తు పెట్టించడం ఒక సంతకం పని. టీచర్ తన బడి పిల్లలను పక్క ఊరి గుట్టకు తీసుకపోవడం ఒక పూట పని. రాజ్యాంగం 51ఎ అధికరణ వారసత్వాన్ని కాపాడడం పౌరుని విధి అన్నది. 2017లో మన రాష్ట్రం వారసత్వ చట్టం కూడా చేసుకున్నది. చట్టం కాగితం మీద ఉంటే సరిపోదు. గుట్ట కింద కావలి మనిషి, హద్దురాళ్లు, తెలుగులో బోర్డు ఉండాలె. వాటిని సర్కారును అడగాలె. అడిగేటప్పుడు మన చేతిలో తేదీ వేసిన ఫొటో ఉండాలె. నిరుడు ఉన్న రాయి ఈయేడు లేదని రుజువు చేసేది అదే.

ఉస్మానియాలో ప్రాచీన చరిత్ర, పురావస్తు విభాగం ఉంది. విద్యార్థులు తెచ్చిన ఫొటోలను జిల్లాలవారీగా దాచే బాధ్యతను ఆ విభాగం తీసుకుంటే రాష్ట్రానికే అదొక ఆస్తి అయితది. పోరాటంలో మనం ఊరూరు తిరిగినం. ఆ బాటలన్నీ తెలిసినవే. ఈసారి కెమెరాతో నడవాలె.