పెండ్లి ముస్తాబునకు వెల యెంత?



పెండ్లికూతుండ్రను ముస్తాబుచేయుట వృత్తిగా గైకొనిన యువతులు నేడు ప్రతి పట్టణమునను, పెక్కు పల్లెలందును గలరు. అంగడి పెట్టుకొనక, ఒకరి కొలువున నుండక, పెట్టె చేతబట్టుకొని పిలిచినవారి యింటికి పోయి పనిచేసి వచ్చువారు వీరు. ఫ్రీలాన్సు మేకప్ ఆర్టిస్టులమని తమ్ము చెప్పుకొందురు. వీరిలో మాకు పరిచయస్థులగువారు తఱచుగ నడుగు ప్రశ్న యొక్కటే: ఎంత యడుగవలెను? పొరుగూరి యామె 3,000 రూపాయలకు చేయుచున్నది, నగరమునుండి వచ్చునామె 30,000 పుచ్చుకొనుచున్నది, నడుమ మేమెచ్చట నిలువవలెనని వారి సందేహము. ఈ మాసమున దీనినిగూర్చియే వ్రాయదలచితిమి. ఈ వృత్తి లేని సోదరీమణులు పుట త్రిప్పివేయవలదు. కుమార్తె పెండ్లికి వీరిని పిలుచువారు మీరే గదా.

ఈ వృత్తి నిన్న మొన్న పుట్టినది కాదు. అమరసింహుడు తన నిఘంటువున సైరంధ్రికి అర్థము చెప్పుచు, పరుల యింట నుండునది, స్వవశ యైనది, శిల్పము చేయునది యని మూడు లక్షణములు చెప్పెను. నేటి యీ యువతులకు ఇంతకంటె సరియగు పేరు దొరకదు. విరాటపర్వమున ద్రౌపది ఈ పేరుతోనే సుధేష్ణ యంతఃపురము చేరినది. కొలువు కుదురుటకు ముందే యామె తన నియమములు చెప్పినది: ఎంగిలి పెట్టరాదు, పాదములు కడిగింపరాదు అని. కొలువున చేరిన పిదప చెప్పియుండినచో అది గొణుగుడుగా నెన్నబడెడిది. ముందు చెప్పుటచేత ఒడంబడిక యైనది. మన యువతులు చేయనిది సరిగా ఇదియే. "మీకు తోచినది ఇండు" అని మొగమాటమునకు పోదురు. పెండ్లి ముగిసి ఇంటివారందఱు అలసియున్న వేళ తాంబూలముతోబాటు చేతిలో పెట్టినది పుచ్చుకొని, త్రోవలో లెక్కపెట్టుకొని, ఇంటికి వచ్చి కన్నీరు పెట్టుకొందురు.

ఈ మొగమాటమునకు మూలము లేకపోలేదు. జడ వేయుట, గోరింటాకు పెట్టుట, కాటుక దిద్దుట మన యిండ్లలో స్త్రీలు ఒండొరులకు ఊరకే చేయు పనులు. ఊరకే జరుగుదానికి వెల యేమిటని పెద్దలకు తోచుట సహజమే. కాని ఆ పనియే మంచి వెల పలుకు చోట స్త్రీలను చాలకాలము రానీయలేదన్న సంగతియు తెలిసికొనవలెను. బొంబాయి చలనచిత్రరంగమున అలంకర్తల సంఘమువారు స్త్రీలకు జుట్టు దువ్వు పనికే సభ్యత్వ మిచ్చి, ముఖాలంకరణమును పురుషులకే యుంచుకొనిరి. చారూ ఖురానా మొదలగువారు న్యాయస్థానమున మొఱపెట్టుకొనగా, 2014 నవంబరు 10వ తేదీన సుప్రీంకోర్టు ఆ నిబంధన చెల్లదని తీర్పు చెప్పినది. ఇంట నున్నంతవరకు ఆడవారి సరదా, జీతము వచ్చుచోట మగవారి వృత్తి! ఈ భేదమును మనసున నుంచుకొనినచో వెల చెప్పుటకు నోరు కొంత సులభముగ వచ్చును.

ఇక లెక్కకు వత్తము. ఒక యువతి ఏడాదికి 40 పెండ్లిండ్లు చేయుననుకొందము. పెట్టె, కుంచెలు, దీపము, జుట్టు చుట్టెడి విద్యుత్పరికరము, వీనికి 12,000 రూపాయలైనవి. ఇవి మూడేండ్లు వచ్చును గాన పెండ్లికి 100 రూపాయలు పడును. ముఖమునకు పూయు ద్రవ్యములకు ఏడాదికి 24,000, పెండ్లికి 600. ఒకసారి వాడి పారవేయు దూది, అంటించు రెప్పలు, పిన్నులు మొదలగువానికి 250. తెల్లవారుజామున ఆటోకు రానుపోను 600. చీర కుచ్చెళ్ళు సవరించుటకు తోడువచ్చు పిల్లకు 800. మొత్తము 2,350. పొరుగూరి వెలనుబట్టి యీమెయు 3,000 పుచ్చుకొనినచో మిగులునది 650 రూపాయలు. ఇందులకు పట్టిన కాలమెంత? పెండ్లికూతురియొద్ద 3 గంటలు, ప్రయాణము 2, ముందొకనాడు పరీక్షగా వేసి చూపుటకు 2, తిరిగివచ్చి కుంచెలు కడిగి పెట్టె సర్దుటకు గంటన్నర, ఫోనులో మాటలకు అరగంట. వెరసి 9 గంటలు. గంటకు 72 రూపాయలు!

మా పరిచయస్థురాలగు నొక యువతి తన లెక్క నిట్లు వ్రాసి చూచుకొని చాలసేపు మాటాడలేదు. చెల్లెలి కళాశాల రుసుము తన రాబడితోనే కట్టుచున్నానని యామె నమ్మియుండెను, ఇంటిల్లిపాదియు నమ్మియుండిరి. చూడగా, ద్రవ్యములు కొనుటకు తల్లి యిచ్చుచున్న డబ్బే చుట్టు తిరిగి రుసుముగా పోవుచున్నది. ఇట్టి లెక్కలు వ్రాయనంతకాలము చేతిలో డబ్బు ఆడుచునే యుండును, అందుచే నష్టము కనబడదు.

గంటకు 250 రూపాయలైన మిగులవలెనన్నచో 9 గంటలకు 2,250. ఖర్చు 2,350తో కలిపి 4,600. దీనిపై ఐదవవంతు చేర్చవలెను. ఏలయనగా ముహూర్తములు ఏడాది పొడవున ఉండవు. ఆషాఢము, భాద్రపదము, పుష్యము శూన్యమాసములు. గురుమూఢమో శుక్రమూఢమో వచ్చినచో మఱికొన్ని వారములు పెండ్లి మాటయే లేదు. నెల జీతముతో సంసారము నడపు మావంటివారికి ఈ ఖాళీ మాసముల భయము అంతగా తెలియదు. పెట్టె పట్టుకొని తిరుగువారికి తెలియును. చేర్చగా సుమారు 5,500 అగును. ఈ అంకెలు మచ్చునకు చెప్పినవి. ఎవరి యూరి ఆటో బాడుగ వారిది. ఇంతకు తక్కువకు చేయవలదని మేమనము. తక్కువకు చేయునపుడు ఎంత తక్కువకు చేయుచున్నదియు తెలిసి చేయవలెననియే మా యభిప్రాయము.

వెల చెప్పునపుడు దేనికో కూడ చెప్పవలెను. మన పెండ్లిలో పెండ్లికూతురు పట్టుచీరతో పీటలపై కూర్చుండి, నడుమ లేచి మధుపర్కములు కట్టుకొని మరల రావలెను. ఆ రెండవసారి చీర కట్టువారెవరు? అందులకై రెండు మూడు గంటలు అచ్చటనే కాచుకొనియుండవలెను గాన దానికి వేఱు వెల. పెండ్లికూతురిని చేయు వేడుకకు ఒకటి, రిసెప్షనుకు ఒకటి. పూలజడ కుట్టించి తెచ్చినచో దాని ఖరీదు వేఱు. ఇక పెండ్లికూతురి తల్లి, పినతల్లి, మేనత్త "కొంచెము మాకును" అని వరుసగా కూర్చుండుట యందఱు నెఱిగినదే. ఆ కొంచెమునకు మనిషి కింతయని ముందే చెప్పినచో ఎవరికిని నొప్పి లేదు. ఇవన్నియు నోటిమాటగా విడువక, ఫోనులో సందేశముగ వ్రాసి పంపి, సరేయని వారిచే బదులు వ్రాయించుకొనవలెను. మూడవవంతు బయానా పుచ్చుకొననిదే తేదీ ఒప్పుకొనరాదు. పెండ్లి ఆగినచో బయానా తిరిగి యిత్తురో లేదో గూడ అప్పుడే చెప్పుట మంచిది.

పెట్టె విషయమున మాకు తోచినది, తక్కువ కొనుట, మంచివి కొనుట. క్రొత్తవారు ఇరువది ఛాయల ఫౌండేషను సీసాలు కొని, పదునాఱు ఎండబెట్టుకొందురు. మన ప్రాంతపు చాయలకు నాలుగైదు చాలును. రెండిటిని కలిపి మూడవది చేసికొనవచ్చును. చాయ చూచుట ముంజేతిపై గాక దవడయు మెడయు కలియుచోట, పగటి వెలుతురున చూడవలెను. మంగళస్నానమునాటి పసుపు మేనిపై నిలిచియుండునని గూడ మఱవరాదు. ముందొకనాడు పరీక్షించిన చాయ ఆనాడు కొంచెము బూడిదవన్నెగా కనబడవచ్చును. హోమధూమమునకు కన్నీరు తప్పదు గాన నీటికి చెదరని కాటుకయే ఉంచుకొనవలెను. బాసికము కట్టు నుదుట పూత పలుచగ నుండవలెను. కొన్ని తెల్లని మెఱుగు పొడులు అద్దమున బాగుగనే యుండి, కెమెరా ఫ్లాష్ పడగానే మొగమును పిండి చల్లినట్లు చూపును. కావున ఫోనుతో ఫ్లాష్ వేసి ఒక చిత్రము తీసి చూచిన పిదపనే పెండ్లికూతురిని పీట దగ్గఱకు పంపవలెను.

శుచి విషయమున రాజీ పనికిరాదు. లిప్స్టిక్కును పెదవికి నేరుగ తాకింపక, చిన్న గరిటెతో ఉక్కుపలకపై తీసి కుంచెతో పూయవలెను. మస్కారాకు ఒకసారి వాడి పారవేయు పుల్లలు దొరకును. సీసా తెఱచిన మూడు మాసములకు దానిని పారవేయవలెను. తక్కిన డబ్బాలపై మూత తెఱచిన చిన్న డబ్బా బొమ్మయు, దానిలో 12 అనియో 24 అనియో అంకెయు నుండును. తెఱచిన పిదప అన్ని మాసములే వాడవలెనని దానికర్థము. తెఱచిన తేదీని డబ్బా అడుగున వ్రాసికొనుట మంచి యలవాటు. కుంచెలను సబ్బునీట కడిగి పరుండబెట్టి ఆరవేయవలెను. నిలువబెట్టినచో నీరు దిగి జిగురు వదలి వెంట్రుకలు ఊడును. వేసవిలో పెట్టెను ఎండనున్న కారులో విడిచినచో మైనపు పూతలన్నియు ఒక ముద్దయగును.

కొనునపుడు చీటి చదువవలెను. 2020వ సంవత్సరపు కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారము చేసినవారి పేరు, చిరునామా, లైసెన్సు సంఖ్య, బ్యాచ్ సంఖ్య, ఎప్పటిలోగా వాడవలెనో ఆ తేదీ, ఇవన్నియు మన దేశమున చేసిన సరకుపై నుండవలెను. పేరుగల కంపెనీల నకళ్ళు సగము ధరకు వచ్చును. వానిని పరుల బిడ్డ కంటికి పూయుటకు మనసెట్లొప్పును? వారములో తెలుపు చేయుదుమను క్రీములలో కొన్నిట పాదరసము బయటపడినది. అది మూత్రపిండములకు చేటు. అట్టివి పెట్టెలో నుండనే రాదు. అయినను నల్లపిల్లను తెల్లగ చేయుమని అడుగు తల్లులు తక్కువవారు కారు. ఆ సైరంధ్రియే శ్యామాంగి యని వారికెవరైన చెప్పవలెను. క్రొత్త ద్రవ్యమేదైనను ఒకటి రెండు దినములు ముందుగా చెవి వెనుక కొంచెము రాసి చూచుట అవసరము.

పెట్టెకు మొదటి డబ్బు లేనివారికి ముద్రా పథకమున 'శిశు' తరగతిక్రింద 50,000 రూపాయలవరకు హామీ లేకయే బ్యాంకు అప్పు దొరకవచ్చును. ఐనను వాయిదా ఆషాఢమునందును కట్టవలసినదే గాన అంతయు తీసికొనవలసిన పని లేదు. జి.ఎస్.టి.ని గూర్చి భయపడువారు కొందఱు కలరు; మన రెండు రాష్ట్రములందును సేవలపై రాబడి ఏడాదికి 20 లక్షలు మించనంతవరకు ఆ నమోదు సాధారణముగ అక్కరలేదు.

బంధువుల పెండ్లి వచ్చినపుడు మాత్రము ఏ లెక్కయు నిలువదు. అప్పుడు మేము చెప్పునది: పూర్తి వెల చెప్పి, పూర్తిగ పుచ్చుకొని, మీకిష్టమైనంత చదివింపులలో చదివింపుడు. తగ్గించిన సొమ్ము ఎవరికిని కనబడదు. చదివించిన సొమ్ము పుస్తకమున కెక్కును. మేనకోడలికి ఊరకే చేయదలచినచో సందేశములో వెల వ్రాసి, దానిక్రింద "ఇది మా కానుక" అని వ్రాయుడు. వెలను ఏటేట ఉగాదికి ఒకసారి తిరిగి లెక్కవేసికొనవలెను. అప్పటికే బయానా ఇచ్చినవారికి మాత్రము పాత వెలయే.